గీజరు ఎందుకు కారుతుంది?

స్విచ్ వేసిన కాసేపటికి గీజరు కింద టప్ టప్‌మని చుక్కలు మొదలవుతాయి. స్నానాలు అయ్యాక స్విచ్ ఆపితే మెల్లగా ఆగిపోతాయి. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే నేల పొడిగా ఉంటుంది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే వరస. పైపుకు చిల్లు పడితే రోజంతా కారాలి గదా! నీళ్ళు కాగేటప్పుడు మాత్రమే కారడమేమిటి?

ప్లంబరు వస్తాడు. తల పైకెత్తి ఒక్క చూపు చూసి, "వాల్వ్ పోయింది సార్. డమ్మీ కొట్టేస్తే ఆగిపోద్ది" అంటాడు. డమ్మీ అంటే కారే మూతికి బిగించే బిరడా. పది నిమిషాల పని. నేల పొడిబారుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

గీజరు నుంచి కారే నీరంతా ఒక జాతిది కాదు. కొన్ని చుక్కలు పడితేనే ఇంటికి క్షేమం. కొన్ని చుక్కలు పడుతుంటే ఏదో ఒక వాషరు అరిగిందని అర్థం. ఇంకొన్ని, గీజరు ఆయుష్షు తీరిందని చెప్పేవి. ఏ చుక్క ఎక్కడి నుంచి, ఏ వేళప్పుడు పడుతోందో తెలుసుకోకుండా ముందు కారడం ఆపేయాలని చూడటమే మన ఇళ్ళల్లో జరుగుతున్న పొరపాటు. జాడ తెలియాలంటే ముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

డబ్బాలో డబ్బా

గోడకు వేలాడే గీజరులో పైకి కనిపించేది తొడుగు మాత్రమే. దాని లోపల ఇనుముతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసిన అసలు ట్యాంకు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఖాళీని వేడి బయటకు పోకుండా గట్టి నురగతో నింపుతారు. అడుగున రెండు పైపులు. నీలం గుర్తు ఉన్నదాంట్లోంచి చన్నీళ్ళు లోపలికి వస్తాయి, ఎరుపు గుర్తు ఉన్నదాంట్లోంచి వేన్నీళ్ళు బయటకు పోతాయి. నిలువు గీజర్లలో చన్నీళ్ళ పైపు అడుగునే ఆగిపోతుంది. వేన్నీళ్ళ పైపు మాత్రం లోపల దాదాపు పైకప్పు దాకా వెళుతుంది. వేడి నీరు తేలిక కాబట్టి పైకి చేరుతుంది. మనం కుళాయి తిప్పితే కింద నుంచి వచ్చే చన్నీళ్ళు పైనున్న వేన్నీళ్ళను నెట్టుకుంటూ పోతాయి. అందుకే ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు అయిపోతే గీజరు నిండుగా ఉన్నా కుళాయిలో చుక్క రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

అడుగున ఒక గుండ్రటి మూత. దాన్ని బోల్టులతో బిగిస్తారు, మధ్యలో ఒక రబ్బరు గాస్కెట్ ఉంటుంది. ఆ మూతకే హీటింగ్ ఎలిమెంటు, థర్మోస్టాటు గొట్టం, ఒక మెగ్నీషియం కడ్డీ అమర్చి ఉంటాయి. చన్నీళ్ళు వచ్చే దారిలో చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది. అది చేసే పనులు ప్రధానంగా రెండు. లోపలికి వచ్చిన నీటిని వెనక్కి పోనివ్వదు. ట్యాంకులో పీడనం హద్దు దాటితే పక్కనున్న చిన్న మూతి తెరిచి కొంత నీటిని బయటకు వదులుతుంది. ప్లంబరు డమ్మీ కొడతానన్నది ఈ మూతికే.

కాగిన నీటికి చోటు కావాలి

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా దట్టంగా ఉంటుంది. అక్కడి నుంచి వేడెక్కేకొద్దీ వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల నీటిని 65 డిగ్రీలకు వేడి చేస్తే దాని ఘనపరిమాణం సుమారు 1.7 శాతం పెరుగుతుంది. వినడానికి ఇది లెక్కలోకి రాని పెరుగుదలే. కానీ 25 లీటర్ల గీజరులో అది 400 మిల్లీలీటర్లు దాటుతుంది. ట్యాంకు అప్పటికే అంచుదాకా నిండి ఉంది. అదనంగా పుట్టిన ఈ నీరు ఎక్కడికి పోవాలి?

మన అమ్మమ్మల కాలపు రాగి బాయిలరుకు ఈ చిక్కు లేదు. మధ్య గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. ఒక పక్క గరాటులోంచి చన్నీళ్ళు పోస్తే ఇంకో పక్క వేన్నీళ్ళు వచ్చేవి. పై భాగం గాలికి తెరిచే ఉండేది కాబట్టి నీరు పెరిగితే పొంగి బయటికి పోయేది, ఆవిరైనా అదే దారి పట్టేది. మేడల మీద సోలార్ హీటర్లకు నిటారుగా నిలబెట్టిన ఎయిర్ వెంట్ గొట్టం కూడా అందుకే. గీజరు అలా కాదు, అన్ని వైపులా మూసిన పాత్ర.

వెనక్కి పోనివ్వని వాల్వు లేకపోతే పెరిగిన నీరు చన్నీళ్ళ పైపులోకే వెనక్కి జరిగి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా సర్దుకుంటుంది. పాత ఇళ్ళలో చాలాచోట్ల జరిగేది ఇదే. అక్కడ గీజరు కారదు. ప్రెజర్ పంపులున్న ఇళ్ళలో, అపార్ట్‌మెంట్లలో, భద్రతా వాల్వుతో సహా అమర్చిన కొత్త గీజర్లలో ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది పీడనం పెరగడమే. నీరు నొక్కితే నొక్కుకుపోయే పదార్థం కాదు. దాని పరిమాణాన్ని ఒక్క శాతం తగ్గించాలంటే 200 వాతావరణాలకు మించిన పీడనం కావాలి. ఇంటి గీజరు ట్యాంకులను సాధారణంగా 8 బార్ల పీడనానికి, అంటే దాదాపు 8 వాతావరణాలకు తగ్గట్టు తయారు చేస్తారు. కాబట్టి నీరు కాగుతున్న కొద్దిసేపట్లోనే పీడనం హద్దు చేరుతుంది, వాల్వు లోపలి స్ప్రింగు కొద్దిగా లేస్తుంది, ఒక చుక్క పడుతుంది. మళ్ళీ మూసుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. స్విచ్ వేసినప్పుడే కారడం వెనకున్న రహస్యం ఇంతే. గీజరుతో వచ్చే మాన్యువల్లో కూడా ఈ మూతిని తెరిచే ఉంచాలని, అందులోంచి నీళ్ళు కారవచ్చని రాసి ఉంటుంది. మనం ఆ కాగితాన్ని అట్టపెట్టెతో పాటు పారేస్తాం.

వాల్వు చన్నీళ్ళ దారిలో ఉంది కాబట్టి అక్కడి నుంచి పడే చుక్క చల్లగానో గోరువెచ్చగానో ఉంటుంది. కొన్ని ఇళ్ళలో గీజరు వేసినప్పుడు బాత్‌రూంలోని వేన్నీళ్ళ కుళాయే కారడం మొదలుపెడుతుంది. దానికీ కారణం ఇదే. పెరిగిన పీడనం బలహీనంగా ఉన్న దారిని వెతుక్కుంటుంది, అరిగిన కుళాయి వాషరు దానికి దొరుకుతుంది.

మూతి మూసేస్తే

మూసిన పాత్రలో పీడనానికి దారి వదలాలన్న ఆలోచన మూడు వందల ఏళ్ళ పైబడినది. ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఎముకలను కూడా మెత్తగా ఉడికించే ఒక బిగుతు పాత్రను ప్రదర్శించాడు. ఆవిరి ఒత్తిడికి పాత్ర పగలకుండా ఒక తులాదండానికి బరువు తగిలించి, పీడనం మించితే తెరుచుకునే వాల్వును దానికి జోడించాడు. మన వంటింటి కుక్కరు దానికి వారసురాలే. కుక్కరు విజిల్ వేస్తే ఎవరూ కంగారుపడి దాని మూతికి బిరడా బిగించరు. గీజరు వాల్వు చేసేదీ అదే పని. బరువుకు బదులు స్ప్రింగు, ఆవిరికి బదులు చుక్క, అంతే తేడా.

మూతి మూసేస్తే గీజరు ఆ రోజే పేలిపోదు. ముందు కుళాయి వాషర్లు, కనెక్షన్ పైపులు, గాస్కెట్టు ఆ ఒత్తిడిని భరించలేక వదులవుతాయి. రోజుకు రెండుసార్లు ఉబ్బి, రెండుసార్లు తగ్గే ట్యాంకులో వెల్డింగ్ అతుకులు అలిసిపోతాయి. డమ్మీ కొట్టిన కొన్నాళ్ళకు మరో చోట కారడం మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు భయం థర్మోస్టాటు చెడిన రోజున. 2,000 వాట్ల ఎలిమెంటు 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి అరగంట తీసుకుంటుంది, ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అక్కడ థర్మోస్టాటు ఆపేయాలి. అది అంటుకుపోయి ఆపకపోతే రెండో కాపలాగా థర్మల్ కటౌట్ ఉంటుంది. అదీ పనిచేయకపోతే మూడో కాపలా మన వాల్వే. మూడూ లేని గీజరులో నీరు మరో గంటా ఇరవై నిమిషాలకు 150 డిగ్రీలు చేరగలదు. బయటి గాలి పీడనంలో 100 డిగ్రీలకే మరిగే నీరు లోపలి పీడనం వల్ల అంతదాకా నీరుగానే ఉంటుంది. ట్యాంకు అతుకు విడిపోయిందా, పీడనం ఒక్కసారిగా పడిపోతుంది, నీటిలో పదో వంతు దాకా తక్షణం ఆవిరైపోతుంది. కిలో నీరు ఆవిరైతే దాదాపు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే 25 లీటర్ల పాత్రలోంచి ఒక్క క్షణంలో నాలుగు వేల లీటర్ల ఆవిరి బయటపడుతుంది. చిన్న బాత్‌రూంలో సగానికి పైగా నిండే పరిమాణమిది. గోడలు కూలడానికి, మనుషులు కాలిపోవడానికి ఇది చాలు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు గరాజులోనో బేస్‌మెంటులోనో 40, 50 గ్యాలన్ల హీటర్లు చూస్తుంటారు. వాటికి ఉండే వాల్వు పీడనం 150 పీఎస్‌ఐ, అంటే సుమారు 10 బార్లు దాటినా, వేడి 210 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 99 డిగ్రీల సెల్సియస్ చేరినా తెరుచుకుంటుంది. దాని నుంచి నేల దగ్గరకు దిగే గొట్టం చివర మరలు ఉండకూడదని అక్కడి ప్లంబింగ్ నిబంధన. మరలుంటే ఎవరో ఒకరు మూత బిగించేస్తారని! చుక్కను చూసి చిరాకుపడి బిరడా వెతుక్కునే బుద్ధి మన ప్లంబరుది మాత్రమే కాదన్నమాట.

ఉప్పునీళ్ళు చేసే పని

హైదరాబాదులో కొత్త ఇంటికి చేరితే ముందుగా అడిగే ప్రశ్న, "మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?" మంచినీళ్ళు మంజీర, కృష్ణ, గోదావరుల నుంచి వచ్చేవి. ఉప్పునీళ్ళు బోరువి. గీజరు ఎంతకాలం బతుకుతుందన్నది చాలావరకు ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

భూమిలోని రాళ్ళ గుండా ఇంకిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. ఇదే కాఠిన్యం. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఫరవాలేదు, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. చక్కెర వేడి నీళ్ళలో బాగా కరుగుతుంది. కాల్షియం కార్బొనేటు తీరు దీనికి తలకిందులు. నీరు వేడెక్కితే అందులోని కార్బన్ డయాక్సైడు బయటకు పోయి, బైకార్బొనేటు కాస్తా సుద్ద లాంటి కార్బొనేటుగా మారి పేరుకుంటుంది. అది పేరుకునే మొదటి చోటు అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంటు ఉపరితలమే.

400 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీటిని రోజుకు 100 లీటర్లు కాగబెట్టే ఇంట్లో ఏడాదికి 14.6 కిలోల సున్నపు పదార్థం గీజరు గుండా ప్రయాణిస్తుంది. అందులో పదో వంతు అక్కడే దిగబడినా కిలోన్నర. మెకానిక్ అడుగు మూత విప్పినప్పుడు ముందు బురద లాంటి తెల్లని నీరు బకెట్లోకి జారుతుంది. ఆ వెనక గుడ్డు పెంకుల్లాంటి పలుకులు గలగల రాలతాయి. ఆఖరున బయటకు వచ్చే ఎలిమెంటును చూస్తే అది రాగి గొట్టమని నమ్మబుద్ధి కాదు. వేలి లావు గొట్టం మణికట్టు లావున, పొరలు పొరలుగా, బూడిద తెలుపులో ఉంటుంది. స్క్రూడ్రైవరుతో కొడితే పెంకు పెళ్ళగా ఊడుతుంది. దాని కింద రాగి అక్కడక్కడా నల్లబడి, గుంటలు పడి కనిపిస్తుంది.

ఈ పెంకు వేడిని ప్రసరింపజేసే శక్తి రాగితో పోలిస్తే వందో వంతు కూడా ఉండదు. లోపల పుట్టిన వేడి నీటికి చేరక గొట్టం విపరీతంగా కాగిపోయి చీలుతుంది. పెంకు కింద చిక్కిన నీరు ఆవిరై పెటపెటలాడుతుంది. గీజరు స్విచ్ వేయగానే లోపల గులకరాళ్ళు వేగుతున్నట్టు చప్పుడు వస్తోందంటే పెంకు ముదిరిందని అర్థం. ఇదే సున్నం వాల్వు సీటులో ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోక రోజంతా కారుతుంది. మరీ గట్టిపడితే అసలు తెరుచుకోనే తెరుచుకోదు. రెండో స్థితి మొదటిదానికన్నా చెడ్డది, ఎందుకంటే అప్పుడు చుక్క పడదు, మనకు అనుమానమూ రాదు.

కరిగిపోవడానికే పెట్టిన కడ్డీ

ఇనుప ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల గాజు లాంటి ఎనామిల్ పూత వేసి కొలిమిలో కాలుస్తారు. పూత ఎంత బాగా వేసినా వేడికీ చలికీ సాగి ముడుచుకునే ఇనుము మీద సూదిమొనంత పగుళ్ళు తప్పవు. అక్కడ నీరు ఇనుమును తాకుతుంది, తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు రక్ష దాని మీద క్రోమియం ఆక్సైడు ఏర్పరచే అతి పల్చని పొర. ఉప్పునీళ్ళలోని క్లోరైడు ఆ పొరకు, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల దగ్గర, చిల్లు పొడుస్తుంది. ఏ లోహమైనా శత్రువు లోపలి నుంచే వస్తాడు.

దీనికి విరుగుడు ఓడల నుంచి వచ్చింది. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున కప్పిన రాగి రేకులు సముద్రపు నీటికి కరిగిపోతుంటే, 1824లో హంఫ్రీ డేవీ వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకి ఉంటే ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలే లోహం కరుగుతుంది, రెండోది బతికిపోతుంది. రాగి చెక్కుచెదరలేదు. అయితే కరిగిన రాగే అంతవరకూ విషమై నాచును, గుల్లపురుగులను ఓడకు అంటుకోనీయలేదని అప్పుడు తెలిసింది. రాగి కరగడం మానేసరికి ఓడ అడుగంతా వాటితో నిండి నడక మందగించింది. నౌకాదళం ఆ పద్ధతిని పక్కన పెట్టింది. సిద్ధాంతం మాత్రం నిలిచింది.

గీజరులో నాచు బెడద లేదు. అందుకే ఇనుము కన్నా చాలా సులువుగా ఎలక్ట్రాన్లు వదిలే మెగ్నీషియాన్ని కడ్డీగా చేసి ట్యాంకులో వేలాడదీస్తారు. ట్యాంకుకు బదులు అది తరుగుతూ పోతుంది. నీటిని బట్టి రెండు మూడేళ్ళలో సన్నని తీగ మాత్రమే మిగలవచ్చు. ఆ రోజు నుంచి తుప్పు వంతు ట్యాంకుది. పూత పగిలిన సూదిమొనంత చోటే మొత్తం దాడిని భరించాలి కాబట్టి అక్కడ చిల్లు త్వరగానే పడుతుంది. కడ్డీ మార్చే ఖర్చు గీజరు ధరలో చిన్న భాగం. అయినా అలాంటి కడ్డీ ఒకటుందని తెలిసిన ఇళ్ళు తక్కువ.

నీరూ కరెంటూ కలిసిన చోట

గీజరు సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్లు పోతాయి. అది వేడి నీరే అయినా నెలకు అయిదు యూనిట్లు వృథా, అంతే. నష్టం అక్కడ లేదు. గోడకు గీజరును పట్టి ఉంచే బోల్టులు తుప్పు పట్టడంలో కొంత ఉంది. 25 లీటర్ల నీటికి డబ్బా బరువు కలిపితే ఆ బోల్టుల మీద 30 కిలోలకు పైగా వేలాడుతోంది మరి. అంతకన్నా పెద్ద నష్టం కరెంటుతో వస్తుంది.

ఎలిమెంటు లోపల సన్నని నైక్రోమ్ తీగ ఉంటుంది. దానికీ రాగి గొట్టానికీ మధ్య కరెంటు దాటకుండా మెగ్నీషియం ఆక్సైడు పొడిని కూరుతారు. గొట్టం చీలితే పొడి తడుస్తుంది, కరెంటు ట్యాంకులోకి, నీటిలోకి దిగుతుంది. ఎర్తింగు సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే షవరు కింద నిలబడ్డ మనిషి గుండా పోతుంది. కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనడం దానికి తొలి గుర్తు. "కొంచెమే షాక్ కొడుతోంది" అని సరిపెట్టుకోవలసిన విషయం కాదది.

2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎంసీబీ 16 ఆంపియర్లకో 20కో పడిపోయేలా ఉంటుంది. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి మిల్లీ ఆంపియర్లు చాలు, ఎంసీబీకి అవి ఆనవు. ఆ పని ఆర్‌సీసీబీది. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది సరిచూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు చేరితే సెకనులో మూడో వంతు లోపే సరఫరా తెంచేస్తుంది. పాత ఇళ్ళలో ఎర్త్ వైరును నీళ్ళ పైపుకు చుట్టి ఊరుకునేవారు. ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్కువి. ఆ ఎర్తింగు అలంకారమే.

జాడ పట్టడం

గీజరు కారుతోందని తెలిసిన వెంటనే చేయవలసిన పనులకు ఒక వరస ఉంది. ముందు పొడి చేత్తో ఎంసీబీ ఆపాలి. స్విచ్‌బోర్డు తడిసి ఉంటే దాన్ని తాకకుండా ఇంటి మెయిన్ ఆపేయాలి. తర్వాత చన్నీళ్ళు వచ్చే స్టాప్ కాక్ మూయాలి. ఆ తర్వాత వేన్నీళ్ళ కుళాయి ఒకసారి తిప్పితే లోపలి పీడనం దిగిపోతుంది. అలా తిప్పినంత మాత్రాన గీజరు ఖాళీ కాదు. ఇందాక చెప్పినట్టు, కింద నుంచి చన్నీళ్ళు నెట్టనిదే పైనున్న నీరు బయటకు రాదు. కాబట్టి స్టాప్ కాక్ మూసేశాం కదా అని వెంటనే అడుగు మూత విప్పితే 25 లీటర్ల వేడి నీళ్ళు మీద పడతాయి. చల్లారాకే విప్పాలి.

ఇక పొడి గుడ్డతో అడుగు భాగమంతా తుడిచి, అతుకుల చుట్టూ పాత న్యూస్‌పేపరు ముక్కలు చుట్టి, కరెంటు ఆపే ఉంచి స్టాప్ కాక్ తెరిచి చూడండి. ముందు తడిసిన కాగితమే చోటు చూపిస్తుంది.

పైపుల నట్ల దగ్గర తడిస్తే వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టి బిగిస్తే సరిపోతుంది. అల్లిక కనెక్షన్ పైపు మధ్యలో చెమ్మగిల్లితే లోపలి రబ్బరు పగిలినట్టు, పైపే మార్చాలి. వేన్నీళ్ళ వైపు మామూలు పీవీసీ గొట్టం వేస్తే వేడికి మెత్తబడుతుంది. అక్కడ సీపీవీసీ ఉండాలి.

వాల్వు మూతి నుంచి, గీజరు వేసినప్పుడే, చల్లటి చుక్కలు పడుతుంటే బాగుచేయవలసినది ఏమీ లేదు. సన్నని ట్యూబు తగిలించి చివరను నేల జాలీ దాకా దింపండి. చివర మాత్రం తెరిచే ఉండాలి. గీజరు ఆపి ఉన్నా రోజంతా పడుతుంటే సీటులో సున్నం ఇరుక్కుని ఉండవచ్చు. వాల్వుకున్న చిన్న పిడిని రెండుమూడుసార్లు ఎత్తి దింపితే కొట్టుకుపోవచ్చు, లేదంటే కొత్త వాల్వు వేయించాలి. కొత్తది వేసినా ఆగకపోతే ప్రెజర్ పంపు ఎంత పీడనం ఇస్తోందో చూపించుకోవాలి. వాల్వు నుంచి పొగలు కక్కే నీరో ఆవిరో వస్తుంటే దగ్గరకు వెళ్ళవద్దు. థర్మోస్టాటు పోయిందని గ్రహించి దూరం నుంచే మెయిన్ ఆపేయండి.

అడుగున ప్లాస్టిక్ మూత తీసినప్పుడు బోల్టుల చుట్టూ తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే కారేది గాస్కెట్టు. దీన్ని మెకానిక్కే మార్చాలి. ఎలాగూ విప్పారు కాబట్టి సున్నం కడిగించి, మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూడండి. బోల్టులను వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని జంటలుగా బిగిస్తేనే గాస్కెట్టు సమంగా కూర్చుంటుంది.

ఈ చోట్లన్నీ పొడిగా ఉండి, తొడుగు అంచు నుంచో అడుగు కన్నాల నుంచో తుప్పు రంగు నీరు, వేళాపాళా లేకుండా కారుతుంటే చిల్లు లోపలి ట్యాంకుకే. నురగంతా నాని చివరికి పల్లం వైపు దిగుతుంది కాబట్టి నీరు బయటపడిన చోటికి, చిల్లు పడిన చోటికి సంబంధం ఉండదు. ఒకప్పుడు చిల్లు బిందెకు మాటు వేయించేవాళ్ళం. గీజరుకు మాటు కుదరదు. పైన ఎం-సీల్ పూసినా అది తొడుగుకే అంటుతుంది, ట్యాంకుకు చేరదు. తొడుగు కోసి పూసినా 3 బార్ల నీటి ఒత్తిడి అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 3 కిలోల తోపుడు. వెల్డింగ్ చేస్తే చుట్టూ ఎనామిల్ కాలిపోయి కొత్త చిల్లులకు దారి పడుతుంది. ఇలాంటి గీజరుకు ఒక్కటే వైద్యం, మార్చేయడం.

కొత్తది పెట్టించేటప్పుడు కొన్ని మాటలు గట్టిగా చెప్పండి. దానితో వచ్చిన వాల్వునే బిగించమనండి. మూతి నుంచి ట్యూబు దింపమనండి. ఎర్త్ వైరు స్విచ్‌బోర్డు దాకా నిజంగా వచ్చిందో లేదో పరీక్షించమనండి. వేడిని 55, 60 డిగ్రీల మధ్య ఉంచితే స్నానానికి చాలు, సున్నమూ తక్కువ పడుతుంది. బోరు నీళ్ళ ఇళ్ళలో ఏటా చలికాలానికి ముందు ఒకసారి విప్పించి కడిగించండి. ఆర్‌సీసీబీ మీదుండే టెస్ట్ మీట నెలకోసారి నొక్కి అది పడిపోతోందో లేదో చూడండి. అసలు ఇంట్లో ఆర్‌సీసీబీయే లేకపోతే గీజరు సంగతి తర్వాత, ముందు దాన్ని పెట్టించండి. ఇప్పటికే వాల్వు మూతికి ఎవరైనా డమ్మీ కొట్టి ఉంటే, ఈ పేజీ మూసి వెళ్ళి గీజరు స్విచ్ ఆపండి. ఆ డమ్మీ తీయించే దాకా మళ్ళీ వేయకండి.